చెక్కుబందీ

తూర్పుకు: మూతబడిన అచ్చాఫీసు గోడ.
పడమరకు: రాజకాలువ.
ఉత్తరానికి: ఏడో క్రాసు మూల ట్రాన్స్‌ఫార్మరు.
దక్షిణానికి: కార్పొరేషన్ కొళాయి, కొళాయితో సహా.

ఈ నాలుగు హద్దుల నడుమ
ఒకటి నుంచి తొమ్మిది వరకూ ప్రతివాదులు
ముగ్గురికి మించి గుమిగూడరాదు.
ఈల వేయరాదు.
దీపాలు పెట్టాక గోడెక్కి కూర్చోరాదు.
ఒకటో వాది బండికి ఇరవై అడుగుల్లోకి రారాదు,
తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా.

నేను మేయో హాలు కోర్టు అమీనును.
ఇరవై రెండేళ్లుగా ఈ కాగితాలే మోస్తున్నా,
గట్టు జరిపిన దాయాదికి,
ఉమ్మడి గోడ మీద మేడ లేపినవాడికి.
సుద్దగుంటెపాళ్య కుర్రాళ్ల మీదికి తేవడం ఇదే మొదలు.
లాంగు పట్టిన చేతికి
స్టాంపు వేసిన కాగితం.

ఒకటో వాది యల్లూరమ్మ. ఇస్త్రీ బండి.
నెల మామూలు ఇయ్యనన్నందుకు
ఆమె పెట్టెలోని నిప్పులే
ఆమె పాదాల మీద కుమ్మరించారు.
ఫిర్యాదు రాసుకున్న రైటరు
ఆ సాయంత్రమే మూడో ప్రతివాదితో టీ తాగాడట.
వకీలు ఫీజుకి వీధంతా చందా ఎత్తింది.
కుంటుతూ వచ్చి కాగితం తాకి చూసి
"ఇంత పల్చగుండాదే సార్" అంది.

ఒకటో ప్రతివాది నవ్వుతూ తీసుకున్నాడు.
"తెలుగులో చెప్పప్పా, మనోడివే గదా."
చెప్పాను, మా చింతామణి తెలుగులో.
ఈల అనగానే తొమ్మిది మందిలో ఉన్నవాళ్లంతా ఈలేశారు.
కొళాయి అనేసరికి ఒకడు వేయలేదు.
నాలుగో ప్రతివాది, సైలెన్సర్ గంగ,
ఇంకా మీసం సరిగా రానివాడు:
"మా ఇల్లు లోపలే ఉండాది గదా.
నేనూ, మా యన్నా, ఇంగ ఇద్దరు మామకొడుకులూ.
నలుగురూ ప్రతివాదులమే.
అన్నానికి కూసుంటే గుంపవుతుందా?"
కాగితం అటూ ఇటూ తిప్పాను.
పడమర హద్దులో కాలువ ఉంది, అన్నం లేదు.

ఆరో ప్రతివాది ఇంటికి తలుపు లేదు, టార్పాలిన్.
వాళ్లమ్మ ఊదుబత్తీలు చుడుతోంది.
"రాగూడదని రాసినారా వాణ్ణి?"
అవునమ్మా.
"ఎన్నాళ్లు?"
తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా.
అప్పుడు చూశాను గోడ మీది ఫోటో,
ఎండి రాలుతున్న గంధం బొట్టు.
దావా వేసిన తేదీకీ ఉత్తర్వు తేదీకీ నడుమ
కాలువకు ఆ గట్టున, వేరే గుంపు చేతిలో.
కాగితం వెనక్కి అడిగాను. ఇవ్వలేదు.
"వాడి పేరు యాడుందో చూపీ."
చూపించాను.
బొటనవేలితో అదిమి పట్టుకుంది,
నల్లటి ముద్ర పడింది.

రిపోర్టులో నాలుగు గళ్లుంటాయి:
అందజేశాను, నిరాకరించారు, అంటించాను, దొరకలేదు.
ఆరో ప్రతివాది ఎదుట చాలాసేపు పెన్ను ఆగింది.
చివరికి "హద్దులలో లేడు" అని రాసి
సంతకం పెట్టాను.

పదకొండు రోజులు వీధి నిద్రపోయింది.
పన్నెండో రాత్రి ఈలలు మళ్లీ,
ఈసారి ట్రాన్స్‌ఫార్మరుకు అటుపక్క.
ఎనిమిదో క్రాసువాళ్లు చందా ఎత్తుతున్నారట.
గంగ ఒక్కడే ఎటూ పోలేదు.
కొళాయికి జానెడు అవతల
మెట్టు మీద కూర్చుని పళ్లెం పట్టుకుంటాడు,
వాళ్లవ్వ ఇవతల నుంచి చెయ్యి చాచి సంగటి వేస్తుంది.

మొన్న ఆ దారినే వస్తుంటే
యల్లూరమ్మ పిలిచి
నా ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది,
కాలర్ మడత కత్తిలా.
డబ్బులు వద్దంది.
తీసుకోమని
నేనూ గట్టిగా అనలేదు.