దొంగకు కబురు

నువ్వెవరో నాకు తెలీదు.
మా కుక్క మొరగలేదంటే మరీ దూరపువాడివి కావు.
గోడవార ఉన్న మూడు బస్తాల్లో
చివరిదాన్ని ఎత్తుకుపోయావు.
మూతి నీలం దారంతో కుట్టి ఉంటుంది,
నా చేతికుట్టే, కాస్త వంకర.

తెల్లారి నేను తిట్టిన తిట్లు
పిల్లలు ఇంకా ఆటల్లో వాడుకుంటున్నారు.
నీ చేతులు పడిపోవాలన్నాను,
నీ పొయ్యిలో పిల్లి లేవకూడదన్నాను.
ఇవాళ అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు, ఒక్కొక్కటే.
విను.

ఫిబ్రవరిలో రాకూడని వాన వచ్చింది.
మొక్కజొన్న కండెలు చేలోనే నానాయి.
ఇంకో పది రోజులు ఎండనిద్దామన్నాను.
"ఎండేలోగా ఎవడో విరుచుకుపోతాడు" అన్నాడు కిసీలు.
కరువేడు పొరుగువాడూ ఎలుకే కదా.
పచ్చిగానే విరిచాం, పచ్చిగానే ఒలిచాం,
గాలి తగిలే బయటి గాదె వదిలేసి
పడకగదిలో పేర్చుకున్నాం.
పిల్లలు ఆ బస్తాలకు ఆనుకుని నిద్రపోయేవాళ్లు.
అర్ధరాత్రి చెయ్యి వేస్తే
జ్వరమొచ్చిన ఒంటిలా వెచ్చగా ఉండేవి.
ఇంట్లో తిండికి ప్రాణముందని మురిసిపోయాను.

బూజు పట్టిన గింజలు కోళ్లకు వేశాను.
కోళ్లు చచ్చాయి.
తెగులనుకున్నాం.
మంచివనుకున్నవి కడిగి, చిక్కుళ్లతో కలిపి
పొద్దువాలేదాకా ఉడికించాను.
చేదు లేదు. వాసన లేదు.
కిసీలు గిన్నె అడుగు వేలితో నాకాడు.

కామెర్లోడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు.
అబద్ధం.
లోకానికే అతను పచ్చగా కనబడ్డాడు.
కాళ్లు ఉబ్బి టైరు చెప్పులు పట్టలేదు,
వాటిని చంకలో పెట్టుకునే మకిందు ఆసుపత్రికి బయల్దేరాడు.
చెప్పులు మాత్రం తిరిగొచ్చాయి.

వానరోజు పుట్టిందని ముంబువా అని పిలుచుకున్న నా కూతురు
పదిహేడు రోజులు మంచం మీదుండి లేచింది.
నాలుగేళ్ల పిల్ల, రెండేళ్లదానిలా ఉంది.

పరీక్షలు చేసే ముతీసో వచ్చి
అఫ్లటాక్సిన్ అన్నాడు.
మూడుసార్లు చెప్పించుకున్నాను.
చంపేది బూజు కాదట, బూజు గింజలో దిగవిడిచే విషమట.
బూజు తుడిస్తే పోతుంది, అది పోదు.
నీళ్లకు కరగదు, మన పొయ్యి మంటకు బెదరదు.
ఎక్కువ తింటే వారాల్లో కాలేయం చెడుతుందట,
కొద్దికొద్దిగా తింటే
ఏళ్ల తర్వాత కాలేయంలో కేన్సరై లేస్తుందట.
పిల్లల ఎదుగుదల కూడా కొరుకుతుందట.

మిగిలింది గోతిలో పోసి తగలబెట్టారు.
కాలుతున్న మొక్కజొన్న వాసనకు
నాకు ఆకలేసింది.
సిగ్గుతో పక్కకు తిరిగాను.

"ఇంకేమైనా ఉందా?" అన్నాడు ముతీసో.
ఒకటి దొంగలెత్తుకుపోయారన్నాను,
కసిగానే అన్నాను.
రాస్తున్న కలం ఆపి నావైపు చూశాడు.
అప్పుడు తెలిసింది నాకు,
మా ఇంటి చావు ఒకటి
ఎవరి ఇంట్లోనో గోడకు ఆనించి ఉందని.

శనివారం సంతలో టమాటా గుట్టల మధ్య నిలబడి
తలగుడ్డ విప్పి ఊపుతూ అరిచాను,
నీలం దారం బస్తా తినకండి అని.
దొంగను పట్టడానికి కలూకీ కొత్త ఎత్తు వేసిందని
నవ్వారు కొందరు.
నువ్వూ అక్కడే ఉన్నావేమో,
నవ్వావో లేదో.

నీ పేరు అడగను.
నీ పిల్లల కనుగుడ్ల తెలుపు మాత్రం
రోజూ వెలుతురులోకి తెచ్చి చూడు.
పచ్చబడితే బండి కోసం ఆగకు,
ఎత్తుకుని పరుగెత్తు.

నాకు బదులిచ్చిన రిలీఫ్ బస్తా
అదే గోడవార ఉంది.
గింజ కొరికి చూశాను, టక్కుమంది.
రాత్రికి రా.
నీ దగ్గరున్నది గుమ్మంలో దించి
దీన్ని ఎత్తుకుపో.
తలుపు గడియ వెయ్యను.
కుక్కను కట్టేశాను.