ముప్ఫై ఏడో కప్పు

హువాజౌ కొండవాలులో పంపరపనస పిందెల మీద
పురిటిబిడ్డ వీపు మీదిలాంటి నూగు ఉంటుంది.
ఆ నూగు రాలకముందే కోస్తారు.
వేణ్ణీళ్లలో ముంచి, తొక్కని ఏడు రేకులుగా చీల్చి,
మడిచి, చెక్కల మధ్య నొక్కి, కొలిమి సెగకి ఆరబెడతారు.
ఎండాక అది గుప్పిట ముడిచిన ముసలి చెయ్యి.
పాతబడ్డకొద్దీ ఖరీదు.
పదేళ్లు దాటిన తొక్కని మా వీధిలో
చిన్న త్రాసులో, ఫ్యాను ఆపి మరీ తూస్తారు.

తెమడకి ఇదే మందు, అంటారు.
ఎలా తెలుసు అంటే
నన్ను ఎగాదిగా చూస్తారు,
నీళ్లు తడుపుతాయని ఎలా తెలుసు అని అడిగినట్టు.

ఆ ప్రశ్న అడగడానికే నాకు జీతం.
ఆసుపత్రి రెండో అంతస్తు, చివరి గది.
నూట ఇరవైమంది తడిదగ్గువాళ్లు, రెండు రకాల పొట్లాలు.
ఒకదాంట్లో తొక్క పొడి,
ఇంకోదాంట్లో మాడ్చిన బియ్యప్పిండి, చేదు కలిపినది.
ఎవరికి ఏదో నాకు తెలియదు. తెలియకూడదు.
పొద్దున్నే కప్పులు వస్తాయి,
రాత్రంతా దగ్గి పోగుచేసుకున్నది మూతపెట్టి తెస్తారు.
పచ్చనిది, బూడిదరంగుది, గుడ్డుసొనలా సాగేది.
మొదటివారం నాకు అన్నం సయించలేదు.
తరవాత మిల్లీలీటర్లు తప్ప ఏమీ కనిపించలేదు.

ముప్ఫై ఏడో నంబరు పాంగ్ యావ్‌కున్, డెబ్భై ఒక్కేళ్లు.
యాభై ఏళ్లు తొక్క చీల్చిన వేళ్లు,
గోళ్ల కింద సబ్బుకి లొంగని పసుపు.
ఛాతీకి గొట్టం ఆనిస్తే పైన పిల్లికూతలు,
అడుగున ఉడుకుతున్న గంజి.
మొదటిరోజు నా ఎదురుగానే పొడి వేసుకున్నాడు.
నాలుక అంగిటికి తాకించి కాసేపు ఆగాడు.
నా చేతిలోని పెన్ను వైపు చూశాడు.
"చేదు" అన్నాడు.
చేదు, అని రాసుకున్నాను.

ఇరవై రెండు. పద్దెనిమిది. పదకొండు. ఆరు.
పధ్నాలుగో రోజున నాలుగు.
వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నానన్నాడు,
మూడేళ్ల తరవాత.

ఆఖరిరోజు సంతకం పెట్టి, కాగితం పొట్లం ఒకటి బల్ల మీద పెట్టాడు.
"మా అటక మీదిది. పన్నెండేళ్లది."
తీసుకోకూడదన్నాను.
"నీ లెక్క అయిపోయిందిగా. ఇక చెప్పొచ్చు.
నువ్విచ్చింది మా పండు కాదమ్మా.
మా పండు చేదు దిగాక నాలుక అంచున తీపి వస్తుంది,
ఆలస్యంగా, కొండమీది బస్సులా.
రెండువారాలు చూశాను. బస్సు రాలేదు."
"మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?"
"అంత శ్రద్ధగా రాసుకుంటున్నావు, ఎలా పాడుచెయ్యను?"
"మరి దగ్గు తగ్గిందిగా!"
గోళ్లు చూసుకున్నాడు.
"పొద్దున్నే ఇక్కడికి రావాలని కొలిమి దగ్గర కూర్చోవడం మానేశాను.
ఆ పొగ. ఆ నూగు.
ఊళ్లో అందరి దగ్గూ తగ్గాలని మేం అక్కడ దగ్గుతాం."

నా ఫారంలో ఒకటే గడి ఉంది:
పొట్లంలో ఏముందో రోగికి తెలిసిపోయిందా? అవును, కాదు.
అవును మీద టిక్కు పెట్టాను.
కొలిమికి గడి లేదు. అంచున రాశాను,
చిన్న అక్షరాలతో, ఎవరూ చదవరని తెలిసీ.

చలికాలానికి ఫలితాలొచ్చాయి.
రెండు గుంపులకీ తగ్గింది.
తొక్క తిన్నవాళ్లకి కాస్త ఎక్కువ.
లెక్కలు వేసే లింగ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ,
"తేడా ఉంది. ఉందని చెప్పేంత లేదు,
ఇంకో మూడొందలమంది కావాలి" అన్నాడు.
వారం తిరక్కుండా మా వీధి దుకాణాల ముందు ఎర్రబోర్డులు:
ఆసుపత్రిలో పరీక్షించిన తొక్క.
అబద్ధమని ఎలా అనను?

జనవరిలో దగ్గు నాకే పట్టుకుంది.
మందు వేస్తే వారం, వెయ్యకపోతే ఏడురోజులు,
నేనే అందరికీ చెప్పే మాట.
అయినా ఆ పన్నెండేళ్ల చేతిని వేణ్ణీళ్లలో వేశాను.
మెల్లగా వేళ్లు విప్పింది.
మింగి, స్టవ్ ఆపి, నిలబడి ఎదురుచూశాను.

వచ్చింది బస్సు.

తెల్లారి అలవాటుకొద్దీ కప్పు తీసి కొలిచాను: తొమ్మిది.
పుస్తకంలో రాసి, పక్కన ఒక గడి ఖాళీగా వదిలాను,
అదే రాత్రి ఆ తొక్క తాగకుండా పడుకున్న
ఇంకో నా కోసం.