కుక్కల పిస్తోలు

చక్కెర డబ్బాలోంచి తీసింది లాంబెర్తీన్.
పాత ఫ్లానెల్ గుడ్డ, గుడ్డ మీద నూనె మరక,
మరక ఎలా ఉందో లోపల అదీ అలాగే ఉంది.
"మా తాత పద్నాలుగులో జర్మన్ల మీదికి ఎత్తింది ఇదే.
చూసి చెప్పు ఓడాన్, నీకు ఇనుము భాష వచ్చుగా."

నాకొచ్చింది కుట్టుమిషన్ల భాష.
నలభై ఏళ్లు లియేజ్ మెట్లన్నీ ఎక్కి దిగి
షటిళ్లు సరిచేశాను, బెల్టులు బిగించాను.
అయినా ఈ ఊళ్లో పుట్టినవాడికి
తుపాకి ముద్ర మేనమామ ముఖం.
మా వీధిలో ఒకప్పుడు
సగం ఇళ్లు గొట్టాలు తొలిచేవి,
మిగతా సగం పిడుల మీద గళ్లు చెక్కేవి.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను.
ముందు పక్కతలుపు తెరిచి ఒక్కో గదీ వెలుగుకి తిప్పాను.
ఐదు గదులు. నాలుగు ఖాళీ.
ఐదోదాంట్లో ముసలి తూటా ఒకటి, పాచి పట్టి.
సన్నకడ్డీతో నెమ్మదిగా నెట్టి
బల్ల మీద పెట్టాను, దాని సంగతి తర్వాత.

ఇక మిగిలింది సంతోషమే.

అరచేతిలో పిచ్చుకంత.
గొట్టం నోట్లో నా పెన్సిలు దూరలేదు.
సుత్తి కనబడదు, ఇనుప ముసుగులో దాక్కుంది,
కోటు జేబు దారాలకి చిక్కుకోకుండా.
ట్రిగ్గరు చుట్టూ కమ్మీ లేదు,
ట్రిగ్గరే మడతపడుతుంది నత్త కొమ్ములా,
తాకితే లోపలికి, లాగితే బయటికి.
మడిచాను. తెరిచాను. మళ్లీ మడిచాను.
"పిల్లాడివా నువ్వు?" అంది.
అవును.

భూతద్దం కింద
కోడిగుడ్డు గీత, అందులో మూడక్షరాలు,
పైన చిట్టి కిరీటం.
కిరీటం ఉంటే తొంభైమూడు తర్వాతది,
అంటే పోయిన శతాబ్దానికి ముందుది.
పక్కన నక్షత్రం, నక్షత్రం కింద ఒక అక్షరం,
పరీక్షించినవాడి పొడి సంతకం.
చేసినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.
ఎవరి ఇంటి వెనక గదిలోనో, ఏ దీపం దగ్గరో పుట్టి ఉంటుంది.

ఇప్పుడు చెప్పాలి. గొంతు సవరించుకున్నాను.
"లాంబెర్తీన్, దీన్ని చేసింది జర్మన్ల కోసం కాదు.
సైకిలు తొక్కేవాళ్ల కోసం.
కుక్కలు వెంటపడితే."

ఆమె కళ్లద్దాలు తీసింది, పెట్టుకుంది.
తాత టపా మోసేవాడు, ఊర్త్ నది పక్క పల్లెలకి,
చలికాలం చీకట్లో, సైకిలు మీద.
మొరిగే కుక్క కరవదని
ఆ దారుల్లోని కుక్కలకి ఎవరూ చెప్పలేదు.
"పిక్క మీద మచ్చ ఉండేది," అంది మెల్లిగా,
"బల్లెం గాయం అనేవాడు.
నాలుగు గుంటలున్న బల్లెం!"

అప్పుడు గుర్తొచ్చింది నాకు తూటా.
తుడిచాను. కొస మీద గోరు ఆనించాను.
గోరు దిగింది.
సీసం కాదు, బిరడా.
సీసా మూతలోంచి కోసిన ముక్కలా తేలిక.
దెబ్బకి చప్పుడే తప్ప చావు లేదు.

చాలాసేపు మాట్లాడలేదు ఆమె.
కాఫీ చల్లారింది.
తర్వాత ఎందుకో రొట్టె సంగతి ఎత్తింది:
టపా సంచి అడుగున ఎప్పుడూ ఎండు అంచులుండేవట,
అవ్వ రోజూ తిట్టేదట
ఇంట్లో రొట్టె ఎలుకలు తింటున్నాయా అని.

పెకెట్ సీసా తెచ్చింది. రెండు చిన్న గ్లాసులు.
"ఆదివారం మునిమనవడు గిస్లాన్ వస్తాడు," అంది,
"వాడికి ఏం చెప్పను?"
ముద్రలు చూపించమన్నాను, గుడ్డు, కిరీటం, నక్షత్రం.
"అవి సరేలే. తాత సంగతి?"
నేనేం చెప్పలేదు.
ట్రిగ్గరు ఆమె చేతికిచ్చాను.
ఎనభైనాలుగేళ్ల వేలు
మడిచింది, తెరిచింది,

మడిచింది.
"జర్మన్లనే చెబుతాను," అంది,
"కుక్కల్ని వాడు ఇరవై దాటాక చెబుతాను."