నాలుగో రీలు ముందు

కాజీపేట రైల్వే ఇన్‌స్టిట్యూట్ల
నెలకో శనివారం
గోడకు తెల్లగుడ్డ గట్టి బొమ్మ ఆడిచ్చేటోళ్లు.
ఆ రాత్రి ఇంగ్లీషుది.
మాటకో పాట, పాటకో గౌను.
ఒక ఇల్లు, ఇంటినిండ పిల్లలు,
మెట్ల మీద నిలబడి పాడుతరు,
గిన్నె అందిచ్చుకుంట పాడుతరు,
జ్వరమొచ్చి పండుకున్న పిల్ల సుత
దుప్పటి మీద వేళ్లతోని తాళమేస్తది.

సారక్క నా చెవుల గుసగుసలాడింది:
"గిట్ల పాడితె వీళ్ల బువ్వ సల్లారదార?"

మా నాయిన గూడ్సు గార్డు.
బల్లార్షా నుంచి ఎప్పుడొస్తడో
ఆయనెక్కిన బండికే తెల్వదు.
అరుగు మీద ఇనుప పెట్టె చప్పుడైతే వచ్చినట్టు,
మళ్ల చప్పుడైతే పోయినట్టు.
నడుమ ఒక తలంటు, రెండు నిద్రలు,
సర్వపిండి మాడు గీకిన గంటె మోత.
మా ఇంట్ల పాట లేదు.
లోకోషెడ్డు కూతేస్తె
అమ్మ పొయ్యి మీద మూత దానికి వంత పాడేది,
అంతే.

ఆపరేటర్ కొమురెల్లి
కల్లు మీదున్నడో, ఇంటికాడ పంచాది పెట్టుకొనొచ్చిండో,
మూడో రీలు పెట్టాల్సిన కాడ
నాలుగోది ఎక్కిచ్చిండు.
తెర మీద తండ్రి
మంచుల పడి నడుచుకుంట వచ్చి తలుపు కొట్టిండు.
ఇల్లంత ఉరికొచ్చి
ఒక్కొక్కలు ఒక్కో చరణం ఆయన మెడకేసిండ్రు.
తర్వాత రీల్ల
అదే తండ్రి అంగీలు మడత పెట్టి
పెట్టె సదురుకుంటుండు.
చిన్నపిల్ల గేటు పట్టుకొని చూస్తుంది, పాడలే.
బొమ్మ మొత్తంల పాట లేని గడియ అదొక్కటే.

సరిగ్గ అప్పుడే
కాల్‌బాయ్ చేతి లాంతరు పట్టుకొని
తలుపుకాడ నాయిన పేరు పిలిచిండు.
నాయిన లేచిండు.
నా తల మీద చెయ్యేసి
వంగకుంటనే నడిచిండు.
ఆయన నీడ తెర మీద
ఈ కొస నుంచి ఆ కొసకు,
గేటును, చిన్నపిల్లను, మంచును
ఒక్క లిప్త మూసేసి పోయింది.
వెనుక బెంచీలోళ్లు "కూసో వయ్య" అని ఒర్రిండ్రు.

ఆఖరి రీల్ల ఆ ఇంటి తండ్రి
మళ్ల బల్లకాడ కూసోని నవ్వుతుండు.
ఎప్పుడొచ్చిండని ఎవలూ అడగలే.
అందరం రైల్వే పిల్లలమే.

ముందు కుర్చీల డోరతీ ఆంటీ,
మెయిలు డ్రైవరు పెండ్లాం,
ఇంగ్లీషు మొత్తం తెలిసింది ఆమెకొక్కదానికే.
రీళ్లు తారుమారైన సంగతి
ఆమెకు ఎరుకే.
రుమాలు తీసింది, మళ్ల మడత పెట్టుకున్నది,
కొమురెల్లిని ఒక్క మాటనలే.

నలభై ఏండ్లు దాటినంక
నయీంనగర్ కిరాయింట్ల
మనుమరాలి ఫోన్ల దొరికింది ఆ బొమ్మ,
రంగులు కడిగి, వరుస దిద్ది.
తండ్రి పోయిండు, వచ్చిండు, తలుపేసుకున్నరు.
పిల్ల చప్పట్లు కొట్టింది.

సారక్కకు ఫోన్ చేసిన.
అటుదిక్కు కుక్కరు మూడో కూత.
"అక్కా, కొమురెల్లి ఆ రాత్రి తప్పేసిండే."
"ఏం తప్పు?" అన్నది.
"వచ్చుడు ముందట, పోవుడు వెనుక.
గట్లనే గదర ఉండేది?"

ఫోన్ పెట్టేసి
బొమ్మను మళ్ల వెనుకకు తిప్పిన,
చిన్నపిల్ల గేటు పట్టుకున్న కాడికి.
ఆగి చూసిన.
ఈ కొస నుంచి ఆ కొసకు
ఒక నీడ పోవాలె ఇప్పుడు.

తెర తెల్లగనే ఉన్నది.