ఫోర్ వీల్ లేని బండి

శుక్రవారం పొద్దుగాల నాలుగున్నరకే
గంగనర్సు తానం చేసి, ఇస్త్రీ అంగీ తొడిగి
క్యాంపు గేటు కాడ నిలబడ్డడు,
పిల్లను చూడవోతున్నట్టు.

కొండ మీద ద్రాక్షతోటలున్నయట.
మస్కట్ల నలభై ఏడు డిగ్రీలుంటే
అక్కడ దుప్పటి కప్పుకుంటరట.
పందిళ్ల కింద వంగి నడవాల్నట,
లేకుంటే గుత్తులు నెత్తికి తగులుతయట.
ఇదంతా చెప్పింది పోశెట్టి.
వాడూ చూడలే. వానికి ఏసీ మెకానిక్ చెప్పిండు.

బండి కామారెడ్డి ఖైసర్‌ది,
టైలర్ షాపు మూటలు మోసే పాత వ్యాను.
సీటు సందులల్ల గుండీలు.
సూది ఒకటి ఎప్పటిదో, నా తొడకు గుచ్చుకుంది.
ఐసు డబ్బాల రెండు వింటో సీసలు,
ఖైసర్ కడుపుమంటకని కారం తగ్గించిన పులిహోర.

బిర్కత్ అల్ మౌజ్ దాటినంక చెక్‌పోస్టు.
పోలీసు పిల్లగాడు, మీసం ఇంకా సరిగ్గ రాలే.
వంగి మా టైర్లు చూసిండు, మా ముఖాలు చూడలే.
"ఫోర్ వీల్?"
ఖైసర్ నాలుగు వేళ్లు చూపించిండు.
నాలుగున్నయి గద సార్, లెక్కవెట్టుకో.
పిల్లగాడు నవ్విండు.
నవ్వుకుంటనే చెయ్యి వెనక్కి తిప్పిండు.

ఎవ్వరం మాట్లాడలే.
అద్దంల కొండ చిన్నగయింది.
పదకొండేండ్లల్ల ఇదే మొదటిసారి
పని లేకుండ పైకి ఎక్కుదామనుకున్నది.

కింద ఖర్జూరపు తోట.
ఫలజ్ అంటరు, మోకాలు మునగని కాలువ,
సీసలను అందుల పండవెట్టినం.
పోశెట్టి పండిండు. ఖైసర్ కాళ్లు కడుక్కున్నడు.
గంగనర్సు మెడ పైకెత్తి నిలబడే ఉన్నడు.
"గిన్ని చెట్లా" అన్నడు.
శానాసేపటికి,
"ఒక్కదానికీ లొట్టి లేదు."

మాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలే.
ఇరవై రెండేండ్లు ఈత చెట్లు గీసిన మనిషి.
ఇక్కడ స్కాఫోల్డింగ్.
పద్నాలుగో అంతస్తుల పైపు మీద నిలబడి
మొగులు దిక్కు చూసి
ఇయ్యాల కల్లు పలచగ పారుతదంటడు.

తోట పెద్దమనిషి హుమైద్ చెట్టు దిగిండు,
నడుము చుట్టూ తాడు, వెనుక వెడల్పు పట్టీ.
గంగనర్సు దగ్గరికి పోయి ఆ తాడును
అంగట్ల గొర్రెను తడిమినట్టు తడిమిండు.
"మోకు."
ముసలాయన ఇంకేదో పేరు చెప్పిండు.
ఒకరి మాటను ఒకరు రెండేసి సార్లు అని చూసుకున్నరు,
కొత్త గింజను నోట్లె వేసుకున్నట్టు.

వద్దన్నా ఎక్కిండు.
అంగీ ఇప్పి నా చేతికిచ్చిండు.
కాలికి గుజి లేదు, ముస్తాదు లేదు,
యాభై దాటిన ఒళ్లు
మూడు తావుల ఆగింది. తర్వాత ఆగలే.

పైన ఏం చేసిండో ఏమో,
మట్టల సందుల రెండు పాదాలే కనవడ్డయి.
ఖైసర్ పెదవులు కదులుతున్నయి, దువా కావొచ్చు.

దిగినంక అరచేతులు గీరుకపోయి ఉన్నయి.
"ఎట్లుంది మామా?"
"చెట్టు మంచిదే.
పానమంత పండు మీదనే పెట్టింది.
గీస్తే మోసం చేసినట్టయితది."

వింటోల నీళ్లు కలిపి కాగితం గ్లాసులల్ల పోసినం.
ఎర్రగ, సల్లగ, పళ్లు జివ్వుమనే తీపి.
రూముల ఎన్నడైనా సీస తెరిస్తే
ఖైసర్ చాయ్ పట్టుకోని మెట్ల మీదికి పోయేటోడు.
ఇయ్యాల అందరిదీ ఒక్కటే సీస.
గంగనర్సు మొదటి చుక్కలు కాటమయ్యకు వంచిండు.
అది వింటో అని యాదికి రాలేదో,
వచ్చినా వంచిండో.

పోయేముందు హుమైద్ ఒక అట్టపెట్టె తెచ్చిండు.
కొండ మీది అన్న కొడుకు పంపిండట.
నల్ల ద్రాక్ష, చిన్నయి,
సగం కమిలినయి, అన్నీ గింజలే.

ఘలా దాకా కిటికీలకెల్లి గింజలు ఊంచుకుంటనే వచ్చినం.
గంగనర్సు నిద్రపోయిండు, బనీను మీదనే,
వెంట్రుకలల్ల ఖర్జూరపు పీచు.
రేపు ఆరింటికి బస్సు.

అంగీ నా ఒళ్లెనే ఉంది,
ఇస్త్రీ మడత చెదరకుండ.