టక్కులు

రాజాం రోడ్డు మీద నాకు పదకొండు గోతులు తెలుసు.
మూడింటికి పేర్లు కూడా పెట్టాను:
కానిస్టేబులు గొయ్యి, పెళ్ళికొడుకు గొయ్యి,
ఇంకోటి నలుగురిలో చెప్పేది కాదు.
మాంగనీసు లారీలు తవ్విపెట్టిన పరీక్ష గది అది.
ముప్పై అయిదు మీద ముల్లు నిలబెట్టి
ఎడం చక్రాన్ని పెళ్ళికొడుకులో దించితే
ఏ డాంపరు ఎంతటిదో
నా నడుమే చెప్పేస్తుంది అనుకునేవాణ్ణి.

గరివిడి షెడ్డుకి ధనుంజయ కారు తెచ్చాడు.
డిక్కీలో నాలుగు బంగారు రంగు డాంపర్లు,
ఇరవై ఎనిమిది వేలు, బిల్లు లేదు.
ఒక్కోదాని నెత్తిన ఓ మర,
తిప్పితే టక్కుమంటుంది.
మెత్తన నుంచి గట్టి దాకా పదహారు టక్కులు.
పాతవి విప్పితే
ఒకటి చమురు కక్కుకుని ఉంది,
ఇంకోటి నొక్కగానే లోపలికి పోయి
మళ్ళీ రావడం మరిచిపోయింది.

కొత్తవి బిగించి
బానెట్టు మూల మీద ఒళ్ళంతా వేసి వదిలాను.
ఒకసారి లేచి, సగం దిగి, ఆగింది.
బాగుంది.
షెడ్డులో అయితే ఎవరైనా బుద్ధిమంతులే.
రాడ్డుకి రబ్బరు రింగు తొడిగాను,
ఎంత లోతుకి మునిగిందో అది దాచుకోదు.
రూళ్ళ పుస్తకంలో గళ్ళు గీశాను:
తారీఖు, గొయ్యి, టక్కు, రింగు, ధనుంజయ మాట.

ధనుంజయ మాట ఎప్పుడూ ఒకటే.
"పన్నెండు మీద పెట్టు మామా,
రోడ్డుకి అతుక్కుపోనాది సూడు."
గట్టిదే మంచిదని వాడి లెక్క.
స్ప్రింగుకి మరుపు లేదురా,
తిన్న దెబ్బ తిన్నట్టే తిరిగి ఇచ్చేస్తుంది,
దాని భుజమ్మీద చెయ్యేసి
ఇక చాల్లే అనేవాడు కావాలి గాని
పీక నులిమేవాడు కాదు అన్నాను.
ఇరవై ఎనిమిది వేలు పెట్టిన చెవికి ఎక్కలేదు.

మూడో రోజు మా కుర్రాడు ఆసిరిని పిలిచి
"నువ్వే తిప్పు, ఎన్ని టక్కులో మాకు చెప్పకు" అన్నాను.
నాలుగుసార్లు వెళ్ళాం, నాలుగుసార్లు వచ్చాం.
రెండోసారి అదిరిపోయిందన్నాడు ధనుంజయ.
నేనూ అన్నాను.
వెనక కుదుపు బాగా తగ్గింది అని
పుస్తకంలో రాసి కింద గీత కూడా గీశాను.
ఆసిరి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ
"ఈపాలి నానేటీ ముట్టనేదు మేస్త్రీ,
టీ తాగడానికెల్లినాను" అన్నాడు.

పదిహేడేళ్ళ నడుం నాది.
ఆ గీత చెరపలేదు, అలాగే ఉంచాను.

ఆ వారమే ఎవరో పెద్దాయన వస్తున్నాడని
కానిస్టేబులు గోతిలో ఎర్ర కంకర పోశారు.
సగం లెక్కలు గాలికి.

చివరికి గుడ్ల గురమ్మని అడిగాను.
ఆవిడకి కంపెనీ తెలీదు, ధర తెలీదు,
బంగారు రంగు చక్రం వెనక ఉందనీ తెలీదు.
వెనక సీటు పీకేసి, ముప్పయ్యేసి గుడ్ల అట్టలు పది పేర్చి
రాజాం పోయి వచ్చాం.
పన్నెండో టక్కుకి పంతొమ్మిది పగిలాయి.
ఒకటో టక్కుకి ఉయ్యాల్లో ఊగినట్టే వెళ్ళాం,
హాయిగా ఉంది, దిగి చూస్తే ఇరవై ఆరు.
అయిదుకి మూడు.
"పగిలినయి మీరే కొనాల" అంది గురమ్మ.
తీర్పంటే అదొక్కటే.
మూడు రోజులు షెడ్డులో అట్లే తిన్నాం.

ఆఖరి తిరుగుడయ్యాక
కారు ఆగీ ఆగగానే చక్రాల వెనక్కి చెయ్యి పోనిచ్చాను.
గోతుల్లో తిన్నదంతా
లోపల నూనెలో నలిగి వేడి కావాలి.
మూడు చురుక్కుమన్నాయి.
కుడి వెనకది మాత్రం
రంగు చెక్కుచెదరకుండా
మంచినీళ్ళ కుండలా ఉంది.
ధనుంజయ కూడా వంగి చెయ్యి పెట్టాడు,
కాసేపు తియ్యలేదు.

"ఇదొక్కటే బాగున్నట్టుంది మామా," అన్నాడు,
"సల్లగా ఉంది."