మురుకుల గొట్టం

మగ్గాల చప్పుడుకు మా బడి కిటికీలు
పొద్దున్నించీ వణుకుతానే ఉంటాయి.
ఏకాంబరకుప్పంలో పాఠం చెప్పడమంటే
ఆ టకటకల నడుమ సందు చూసుకుని
మాట దూర్చడం.

ఆరో తరగతి, మూడో పీరియడు.
బోర్డు మీద "పోగు నుంచి బట్ట దాకా" అని రాసి
వెనక్కి తిరిగితే
చివరి బెంచీలో మునివేలు నిద్ర.
వాళ్ల నాయినది రాత్రి షిఫ్టు,
కండెలు చుట్టేది వీడు.
లేపలేదు.

ఇంటి నుంచి తలా ఒక పోగు తెమ్మన్నాను.
మర్నాడు నా బల్ల మీద చిన్న సంత.
దేశమ్మ దీపం వత్తి,
హేమాద్రి రేషను గోనె నుంచి పీకిన పురికొస,
ముబీనా వాళ్ల నన్నీ పాత దుపట్టా అంచు.
పలమనేరు నుంచి కొత్తగా చేరిన సెల్వి
మాత్రల డబ్బాలో రెండు పట్టుగూళ్లు,
ఊపితే లోపల గలగలమన్నాయి.
ఏమీ తేని కపిలేశు
అప్పటికప్పుడు యూనిఫాం చేతి అంచు నుంచి
ఒక దారం లాగి ఇచ్చాడు.

వరండాలో నీళ్ల బకెట్టు, పటకారు, కొవ్వొత్తి.
వత్తి కాలింది: కాగితం వాసన,
ఊదితే ఎగిరిపోయే బూడిద.
పట్టు కాలింది:
"మిస్సూ, ఎంటికలు కాలిన కంపు!"
కపిలేశు దారం మాత్రం కాలలేదు.
ముడుచుకుంది, కరిగింది,
నల్లటి చుక్కై రాలి నేల మీద గట్టిపడింది.
గోరుతో గీకినా రాలేదు.

అందరూ ఒకసారి ఎవరి చొక్కా వాళ్లు చూసుకున్నారు.
"అంటే మేం ప్లాస్టిక్కు తొడుక్కోనుండామా?"

భూమి అడుగున నూనె, ఫ్యాక్టరీ, రసాయనం,
చెప్పుకుంటూ పోయాను.
ముఖాలన్నీ ఖాళీ.

అందుకే మూడోనాడు
మా అత్తగారికి చెప్పకుండా
మురుకుల గొట్టం సంచిలో వేసుకొచ్చాను.
అన్నిటికన్నా సన్న బిళ్ల, మైదా ముద్ద.
నొక్కితే సన్నగా జారిన పోగులు.
"ఇక్కడ పిండి, అక్కడ కరిగించిన గింజలు.
గాలి తగిలితే బిగిసి దారమవుతుంది, అంతే."

సెల్వి లేచి నిలబడింది.
"పురుగు మూతి కాడా ఇట్లాంటిదే ఉండాది మిస్సూ.
మా అత్త చూపించె.
తలకాయ ఇట్లా ఇట్లా తిప్పతా
ఎనిమిది అంకె రాస్తానే ఉంటాది.
మూడు దినాలు నిద్రపోదు."

నిద్ర అన్న మాటకు మునివేలు ఉలిక్కిపడి లేచి
"ఎవురూ?" అన్నాడు.
క్లాసంతా గొల్లున నవ్వింది.

నవ్వాక ముబీనా అడిగింది,
"గూడు కట్టినాక పురుగు ఏమైతాది?"
"ఉడుకు నీళ్లు," అని సెల్వి కూర్చుంది.
నా పుస్తకంలోనూ దానికి ఒకటే వాక్యం.

దూది మెలిపెట్టి నూలు తీసి చూపిద్దామనుకున్నాను.
మూరెడు రాకుండానే పుటుక్కుమంది.
మునివేలు వచ్చి రెండు కొసలు అందుకున్నాడు.
కన్ను మూసి తెరిచేలోగా ముడి పడింది,
ఎక్కడ పడిందో నాకు కనబడలేదు.

"ఇది పత్తో పాలిస్టరో కాల్చకుండా చెప్పగలవా?"
వాడు దారం వైపు చూడనైనా లేదు.
"ఏలుకు తెలుస్తాది మిస్సూ.
కాటను తెగితే మెత్తగా పోతాది.
ఇంగోటి కోస్తాది."
చూపుడు వేలు చాచాడు.

అప్పుడే కరెంటు పోయింది.
ఊళ్లోని మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి.
మాట దూర్చడానికి అంత మంచి సందు
ఈ ఏడాదిలో దొరకలేదు.
నేనేమీ చెప్పలేదు.
అందర్నీ చేతులు చాచమన్నాను.
ముప్పై రెండు మందిలో
పదకొండు వేళ్ల మీద సన్నటి గీతలు.

రాత్రి గొట్టం కడుగుతూ కూర్చున్నాను.
బిళ్ల రంధ్రాల్లో పిండి ఎండిపోయి
ఒక్కోటీ గుండుసూదితో పొడవాల్సి వచ్చింది.
"ఎవరు పిండారు మురుకులు?" అని
అత్తగారు రెండుసార్లు అడిగారు.